ఆ ఉత్తరం బిల్లు కాదు, ప్రశ్న

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల కార్ల గురించే. స్పీడ్ కెమెరా, పోలీసుల ఉత్తరం, ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోవడం, ఆ తర్వాత టెన్షన్... కథ అందరిదీ ఒకటే. అందుకని ఈ నెల వంటగది ప్రశ్నలు, స్కూల్ అడ్మిషన్ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో పద్ధతి కొంత వేరు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం రెడింగ్‌లో ఉంటాం. నేను యూకే టెస్ట్ పాసై 14 నెలలైంది. 30 జోన్‌లో (గంటకు 30 మైళ్లు దాటకూడని చోట) 36 మైళ్ల వేగంతో వెళ్లానని పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడే మా అత్తగారూ మామగారూ వైజాగ్ నుంచి వచ్చారు, ఆ హడావుడిలో పక్కన పడేశాను. ఇవాళ చూస్తే దాని మీద తేదీకి 23 రోజులైంది. ఆ రోజు కారు నేను నడిపానో మా ఆవిడ (తను టెస్ట్ పాసై ఐదేళ్లయింది) నడిపిందో కూడా సరిగ్గా గుర్తు లేదు. ఆఫీసులో ఒకాయన "పట్టించుకోకు, రెండో ఉత్తరం వస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇంకొకతను ముందు ఫొటో అడగమన్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ మెయిల్ చూసిన రోజే మీకు విడిగా రెండు ముక్కలు రాసి పంపాను, ఎందుకంటే పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదది. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం.

ముందు ఆ కవర్‌లో ఏముందో చూద్దాం. అందులో డబ్బు కట్టమని ఎక్కడా ఉండదు. ఫలానా రోజు, ఫలానా రోడ్డు మీద, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు మీ కారు ఇంత వేగంతో వెళ్లింది, దీని మీద కేసు పెట్టే ఉద్దేశం ఉంది అని ఒక పేజీ. నడిపింది ఎవరో పేరు, చిరునామా, పుట్టిన తేదీ రాసి సంతకం పెట్టమని ఇంకో పేజీ. అంతే. అంటే వాళ్లు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం 172వ సెక్షన్ ప్రకారం 28 రోజుల్లో దానికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే అది వేరే నేరం, స్పీడ్‌తో సంబంధం లేని నేరం. చాలామందికి బుర్రకెక్కనిది ఇదే. మనం హైదరాబాద్‌లో చలాన్ చూసిన కళ్లతో దీన్ని చూస్తాం, ఫైన్ ఎంత అని వెతుకుతాం, ఫైన్ కనిపించకపోయేసరికి ఇంకా టైముందిలే అనుకుంటాం.

ఇప్పుడు మీ లెక్క చూడండి. 30 జోన్‌లో 36 అంటే, ఈ మూడేళ్లలో అలాంటి కోర్సుకి వెళ్లి ఉండకపోతే, సాధారణంగా ఫైన్ బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సే (వేగం ప్రమాదాల మీద చెప్పే క్లాసు) ఇస్తారు. 30 జోన్‌కి 35 నుంచి 42 దాకా మామూలుగా ఆ పరిధి. దాదాపు 80 నుంచి 100 పౌండ్లు అవుతుంది, ల్యాప్‌టాప్ ముందు రెండున్నర మూడు గంటలు కూర్చోవాలి, కెమెరా ఆన్‌లో ఉంచాలి, టీ కప్పు పక్కన పెట్టుకోవచ్చు. లైసెన్స్ మీద పెనాల్టీ పాయింట్లు పడవు. కోర్సు ఇవ్వకపోతే 100 పౌండ్లు, 3 పాయింట్లు. నిజంగా స్పీడ్‌గా వెళ్లినందుకు మీకు పడేది ఇంతే.

ఊరుకున్నారనుకోండి. కోర్సు మాటే ఉండదు. ప్రశ్నకి జవాబు చెప్పనందుకు కోర్టులో 1,000 పౌండ్ల దాకా జరిమానా, దాని మీద సర్‌చార్జీ, ప్రాసిక్యూషన్ ఖర్చులు, 6 పాయింట్లు. ఆ జరిమానా మీ వారం సంపాదనను బట్టి లెక్క కడతారు, కాబట్టి మంచి జీతం ఉన్నవాళ్లకి ఆ 1,000 దూరంగా ఏమీ ఉండదు. ఇక మీ విషయంలో అసలు ప్రమాదం వేరే ఉంది. మొదటిసారి టెస్ట్ పాసైన రోజు నుంచి రెండేళ్ల లోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. మీకు 14 నెలలే అయింది. లైసెన్స్ సస్పెండ్ చెయ్యడం కాదు సుమా, తీసేస్తారు. మళ్లీ ఎల్ బోర్డు, మళ్లీ థియరీ, మళ్లీ ప్రాక్టికల్, ఆ టెస్ట్ స్లాట్ కోసం మళ్లీ నెలల తరబడి వెబ్‌సైట్ రిఫ్రెష్ కొట్టడం. ఇండియా లైసెన్స్ ఉంది కదా అంటారేమో, ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలల వరకే దానితో నడపనిస్తారు, ఇక్కడి లైసెన్స్‌కి మార్చుకోవడానికీ కుదరదు. 6 మైళ్లు ఎక్కువ వెళ్లినందుకు ఎవరూ మీ లైసెన్స్ తీసుకోరు, కవర్‌ని ఫ్రిజ్ మీద పెట్టినందుకు తీసుకుంటారు!

ఆఫీసు ఆయన సలహా ఎక్కడిదో నాకు తెలుసు. ఒకప్పుడు సూపర్ మార్కెట్ కార్ పార్కుల్లో ప్రైవేటు కంపెనీలు పంపే కాగితాలను పట్టించుకోకపోయినా నడిచిపోయేది, ఎందుకంటే నడిపింది ఎవరో తేలకపోతే కారు ఓనర్ని పట్టుకునే వీలు వాళ్లకి ఉండేది కాదు. 2012 అక్టోబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అదీ మారింది. ఆ పాత మాట మాత్రం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది, పైగా పోలీసుల ఉత్తరానికి కూడా అంటగడుతున్నారు. రెండో ఉత్తరం రావచ్చు, రాకపోవచ్చు. రిమైండర్ పంపి తీరాలని చట్టంలో లేదు.

ఫొటో అడగడంలో తప్పేం లేదు, చాలా చోట్ల ఆన్‌లైన్‌లోనే చూపిస్తారు. కానీ ఫొటో అడిగినంత మాత్రాన 28 రోజుల గడియారం ఆగదు. ఇంకో సంగతి, చాలా కెమెరాలు వెనక నుంచి తీస్తాయి, అందులో మీ కారు డిక్కీ, నంబర్ ప్లేటు కనిపిస్తాయి తప్ప మొహాలు కనిపించవు.

నడిపింది ఎవరన్నది ఇవాళ సాయంత్రం మీరిద్దరూ కూర్చుని తేల్చండి. ఆ రోజు బ్యాంకు కార్డు ఎక్కడ వాడారు, ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ ఉందా, ఆఫీసు క్యాలెండర్‌లో ఆ టైముకి మీటింగ్ ఉందా, పిల్లల్ని స్కూల్లో దింపే టైమా? దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది. ఆవిడే అయితే ఆవిడ పేరు రాయండి, ఆవిడ పేరు మీద మళ్లీ వేరే ఉత్తరం వస్తుంది, ఆవిడ టైము అక్కడి నుంచి మొదలవుతుంది. ఎంత వెతికినా తేలకపోతే ఇద్దరి పేర్లూ, తెలుసుకోవడానికి ఏమేం చేశారో రాసి 28 రోజుల లోపే పంపండి, ఖాళీగా మాత్రం వదలొద్దు. "గుర్తు లేదండీ" అన్నంత మాత్రాన కోర్టు ఒప్పుకోదు, తగిన శ్రద్ధతో వెతికినా తెలియలేదని మీరే నిరూపించుకోవాలి.

ఆవిడ టెస్ట్ పాసై ఐదేళ్లయింది కదా, ఆవిడ పేరు రాసేస్తే పోలా అన్న ఆలోచన వస్తుంది, నాకు తెలుసు, చాలా ఇళ్లలో వస్తుంది. వద్దు. క్రిస్ హ్యూన్ అని బ్రిటన్‌లో కేబినెట్ మంత్రిగా చేసినాయన, 2003లో స్పీడింగ్ పాయింట్లు అప్పటి భార్య విక్కీ ప్రైస్ పేరు మీద వేయించారు. విడిపోయాక అది బయటపడి, పదేళ్ల తర్వాత 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు పడింది. స్పీడింగ్‌కి కాదు, అబద్ధం రాసినందుకు.

నా సంగతీ ఒకటి చెబుతాను. మా తమ్ముడి పెళ్లికని విజయవాడ వెళ్లి మూడు వారాల తర్వాత వచ్చి తలుపు తోస్తే తెరుచుకోలేదు, వెనక అంత పోస్టు పేరుకుంది. పిజ్జా కరపత్రాల కింద ఉంది ఆ కవర్. లెక్కేస్తే ఇంక మూడు రోజులే మిగిలాయి. సూట్‌కేసులు హాల్లోనే వదిలేసి, ఫారం నింపి, సంతకం పెట్టి (సంతకం లేకపోతే పంపనట్టే, ఇది చాలామంది మర్చిపోతారు), ఫొటో తీసుకుని, పోస్టాఫీసు కౌంటర్‌లో ఇచ్చి పోస్ట్ చేసినట్టు రసీదు అడిగాను. అది ఊరికే ఇస్తారు, బొటనవేలంత కాగితం, దాని మీద తేదీ, పిన్‌కోడ్. రెండు నెలలకి "మీ జవాబు మాకు అందలేదు" అంటూ ఉత్తరం వచ్చింది. రసీదు కాపీ పంపాను, అక్కడితో సరిపోయింది. ఆ రసీదు ఇప్పటికీ నా పర్సులో ఉంది, అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి. ఆన్‌లైన్‌లో నింపే వీలుంటే ఇంకా మంచిది, చివర వచ్చే కన్ఫర్మేషన్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ప్రశ్న: మేడమ్, నా కారు కంపెనీ లీజ్‌ది. సంఘటన జరిగిన 14 రోజుల్లోపు నోటీసు రాకపోతే కేసు చెల్లదని యూట్యూబ్‌లో విన్నాను. నాకు 31వ రోజున వచ్చింది. చింపేయొచ్చా?

జవాబు: చింపకండి. 14 రోజుల నియమం ఉన్న మాట నిజమే, కాని అది మొదటి ఉత్తరానికి, అదీ కారు ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వాళ్లకి చేరడానికి. మీ కారు లీజు కంపెనీ పేరున ఉంటుంది. వాళ్లకి వెళ్లి, వాళ్లు మీ కంపెనీ పేరు చెప్పి, మీ కంపెనీ మీ పేరు చెప్పేసరికి నెల దాటడం మామూలే. అద్దె కార్లకీ ఇదే వరస, పైగా మీ పేరు చెప్పినందుకు వాళ్లు అడ్మిన్ ఫీజు కూడా గుంజుతారు. కారు మీ సొంతమై, చిరునామా సరిగ్గా ఉండి, మొదటి ఉత్తరమే 14 రోజులు దాటి వచ్చి ఉంటే అప్పుడు స్పీడింగ్ కేసు మీద వాదించుకోవచ్చు. అప్పుడు కూడా నడిపింది ఎవరన్న ప్రశ్నకి జవాబు పంపి, ఆ తర్వాత వాదించుకోండి.

ప్రశ్న: మేం లెస్టర్‌లో ఇల్లు మారి ఏడాదైంది. కారు కాగితాల్లో పాత అడ్రసే ఉంది. ఇప్పుడు పాత ఇంటి ఓనర్ ఫోన్ చేసి ఉత్తరాల కట్ట ఇచ్చారు, అందులో కోర్టు నుంచి వచ్చినది కూడా ఉంది. జవాబు ఇవ్వనందుకు ఇప్పటికే నన్ను దోషిగా తేల్చి 6 పాయింట్లు, జరిమానా వేశారట. నాకు అసలు కేసు ఉన్నట్టే తెలియదు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: దీనికి దారి ఉంది, కాని దానికీ గడువుంది. కేసు గురించి నాకు తెలియనే తెలియదు అని ప్రమాణం చేసి ఇచ్చే పత్రం ఒకటి ఉంటుంది, స్టాట్యుటరీ డిక్లరేషన్ అంటారు. శిక్ష పడిందని మీకు తెలిసిన రోజు నుంచి 21 రోజుల్లోపు అది మేజిస్ట్రేట్ కోర్టుకి అందించాలి. సొలిసిటర్ (లాయర్) ముందు ప్రమాణం చెయ్యొచ్చు, లేదా కోర్టులోనే. కోర్టు ఒప్పుకుంటే పాత తీర్పు పక్కన పెడతారు, కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది, పాయింట్లూ జరిమానా అప్పటికి పోతాయి. ఆ కట్ట మీ చేతికొచ్చిన తేదీ ఇవాళే ఒక కాగితం మీద రాసుకోండి, ఓనర్ నుంచి వచ్చిన కాల్, మెసేజీల వివరాలు దాచండి. ప్రమాణపత్రంలో అబద్ధం ఉంటే అది మళ్లీ నేరమే, కాబట్టి ముందే ఒక ఉత్తరం చూసి పక్కన పెట్టి ఉంటే మాత్రం ఆ దారి మీది కాదు.

కేసు మళ్లీ తెరిచాక, మీ మీద స్పీడింగ్, జవాబివ్వకపోవడం రెండూ పెట్టి ఉంటే, స్పీడింగ్ ఒప్పుకుంటే రెండోది వదిలేయమని ప్రాసిక్యూటర్‌ని అడగడం చాలామంది చేసే పని. చాలాసార్లు ఒప్పుకుంటారు, ఒప్పుకుని తీరాలని రూలేం లేదు. ఇందుకు మాత్రం ట్రాఫిక్ కేసులు చూసే సొలిసిటర్‌కి కొంత డబ్బు పోసినా దండగ కాదు, ఎందుకంటే జవాబివ్వలేదన్న ఎంఎస్90 కోడ్ లైసెన్స్ మీద నాలుగేళ్లు ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్లు ఐదేళ్ల వెనక్కి అడుగుతారు, ఆ కోడ్ చూడగానే ఈ మనిషి ఏదో దాచాడనుకుంటారు. మామూలు స్పీడింగ్ ఎస్‌పీ30 కంటే దీనికి ప్రీమియం ఎక్కువ మండుతుంది. రేపు పీఆర్‌కో సిటిజన్‌షిప్‌కో అప్లై చేసేటప్పుడు కోర్టు శిక్షల గురించి అడుగుతారు, అక్కడ కూడా చెప్పుకోవాలి.

ఇల్లు మారినవాళ్లందరికీ: కారు లాగ్‌బుక్, అంటే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం, ఒకటి. డ్రైవింగ్ లైసెన్స్ ఇంకొకటి. రెండూ వేర్వేరుగా మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది దానంతటది మారదు. రెండూ ఉచితమే, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. మార్చకపోతే ఒక్కోదానికి 1,000 పౌండ్ల దాకా ఫైన్ వెయ్యొచ్చు. మనవాళ్లు ఇల్లు మారగానే పాలు పొంగిస్తారు, బ్యాంకు అడ్రస్ మారుస్తారు, అమెజాన్ అడ్రస్ ఆ పూటే మారుస్తారు, లాగ్‌బుక్ మాత్రం ఏ డ్రాయర్లో ఉందో కూడా తెలియదు.

ప్రశ్న: అక్కా, ఈమధ్య మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు నా కారు రెండు రోజులు నడిపారు. ఇప్పుడు ఆ తేదీకే నోటీసు వచ్చింది. ఆయన వెళ్లిపోయారు. ఏం రాయాలి?

జవాబు: ఆయనే నడిపితే ఆయన పేరు, గుంటూరు అడ్రస్, పుట్టిన తేదీ రాయండి. విజిటర్‌గా వచ్చినవాళ్లు 12 నెలల దాకా ఇండియా లైసెన్స్‌తో కారు నడపొచ్చు, అందులో తప్పు లేదు. కానీ విదేశీ అడ్రస్ చూడగానే పోలీసులు ఆరా తీస్తారు, ఎందుకంటే "ఊళ్లో ఉన్న నాన్న నడిపాడు" అని రాసి తప్పించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టు ముద్రలు, విమాన టికెట్, అన్నిటికంటే ముందు ఆయన పేరు కలిపిన ఇన్సూరెన్స్ కాగితం సిద్ధంగా ఉంచుకోండి. ఆ రెండు రోజులకి ఆయన్ని పాలసీలో చేర్చారా? చేర్చకపోతే స్పీడింగ్ చిన్న సమస్య అయిపోతుంది. ఇన్సూరెన్స్ లేని మనిషికి కారు ఇచ్చినందుకు మీ మీదే కేసు రావచ్చు, దానికి కనీసం 6 పాయింట్లు. అలాంటి పరిస్థితి ఉంటే ఫారం పంపేముందు, 28 రోజులు దాటకుండా, సొలిసిటర్‌తో మాట్లాడండి. నిజంగా నడిపింది మీరే అయి నాన్నగారి పేరు రాద్దామనుకుంటుంటే, పైన హ్యూన్ గారి కథ ఇంకోసారి చదవండి.

ప్రశ్న: అమ్మా, మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా అబ్బాయి కార్డిఫ్‌లో. వాడికి 20 జోన్‌లో 27 వెళ్లావని ఉత్తరం వచ్చిందట. ఇక్కడ మాకు చలాన్లు ఉంటే ఏడాది ఆగితే సగానికి సగం తగ్గించారు కదా, అక్కడ అలా ఇవ్వరా? వాడిని కొన్నాళ్లు ఆగమన్నాను.

జవాబు: మీరు ఆగమన్నది మంచి మనసుతోనే, కానీ వెంటనే ఫోన్ చేసి వద్దని చెప్పండి. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ టూవీలర్లకి 80, కార్లకి 60 శాతం. రెండుసార్లు చూసిన కళ్లకి ఆగినవాడే తెలివైనవాడు అనిపించడం సహజం. ఆ రోజే చెల్లించినవాడికి వెయ్యి, రెండేళ్లు ఎగ్గొట్టినవాడికి నాలుగు వందలు అంటే ఎవరికైనా ఏం పాఠం అబ్బుతుంది? నాకు ఆ పథకాల మీద మొదటి నుంచీ ఒళ్లు మంటే.

బ్రిటన్‌లో తగ్గింపు లేదా అంటే ఉంది, అది ముందుగా కట్టినవాళ్లకి, అదీ పార్కింగ్‌కి. కౌన్సిల్ పార్కింగ్ టికెట్ 14 రోజుల్లో కడితే సగమే. స్పీడింగ్‌లో అదీ లేదు. ఇక్కడ కాలం గడిచేకొద్దీ 100 పౌండ్ల ఫైన్ కాస్తా జీతంతో ముడిపడ్డ కోర్టు జరిమానా అవుతుంది, కోర్సు అవకాశం పోతుంది. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి ఇళ్లున్న రోడ్ల మీద మామూలు పరిమితి 30 నుంచి 20కి దించారు, కాబట్టి మీవాడు దుడుకుగా నడిపాడని తిట్టకండి, ఆ 20 అలవాటు కావడానికి అక్కడ పుట్టినవాళ్లకే కష్టమైంది. 27 అంటే మామూలుగా కోర్సుతో పోయేదే.

ఇంకొకటి, ఆ ఉత్తరం పోస్టులో వచ్చిందా, ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చిందా అడగండి. ఈ మొదటి నోటీసు పోస్టులో కవర్‌గా వస్తుంది. "మీ స్పీడింగ్ ఫైన్ ఇప్పుడే కట్టండి" అని లింకుతో టెక్స్ట్ వస్తే అది మోసం. మీ సంగతి కూడా అంతే, వాట్సాప్‌లో ఈ-చలాన్ పేరుతో ఏపీకే ఫైలు వస్తే వేలు కూడా తగలనివ్వకండి, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. చలాన్ ఉందో లేదో చూడాలంటే పోలీసుల ఈ-చలాన్ సైటు మీరే తెరిచి బండి నంబర్ కొట్టి చూసుకోండి. మీవాడు ఫారం పంపాక కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ మీకు పంపమనండి.